సున్నపు పాదాల బాట

కనకగిరి రాజ్యంలో ఒక రాజవీధి ఉండేది. ఇరవై రథాలు పక్కపక్కన పరిగెత్తేటంత వెడల్పు. గీసింది మంత్రి, మెచ్చుకున్నది రాజు. ఇద్దరూ పుట్టి బుద్ధెరిగాక వీధిలో పదడుగులు నడిచిన పాపాన పోలేదు. నడిచేవాళ్ళకు జానెడు చోటైనా వదల్లేదు. అలాంటి వీధి దొరికితే రాక్షసుడు ఊరుకుంటాడా? వేగాసురుడు వచ్చి తిష్ఠ వేశాడు. అప్పటినుంచి రథమెక్కకుండా వీధి దాటబోయినవాళ్ళు నడిమధ్యలోనే శిలలైపోతున్నారు.

పైడి అనే కుమ్మరిపిల్ల వాళ్ళమ్మ నెత్తిమీది కుండతో సహా శిలైంది. వడ్రంగి మల్లేశు తను చేసుకున్న రెండు చక్రాల తొక్కుడు బండి మీదే బిగుసుకుపోయాడు.

పైడి కోటకు పోయి మొర పెట్టుకుంది.

"నడిచేవాళ్ళే జాగ్రత్తగా నడవాలమ్మా," అన్నాడు మంత్రి.

"రాయికి జాగ్రత్త నేర్పుతారా అయ్యా?" అని పైడి వచ్చేసింది.

అడవిలో మునిని అడిగితే, "నాకు తపస్సుంది, కొండమీది గండభేరుండాన్ని అడుగు," అన్నాడు. మూడు రోజులు ఎక్కింది. ఆ పక్షేమో, "ఎగిరేదాన్ని, వీధుల సంగతి నాకేం తెలుసు? మడుగులో తాబేలును అడుగు," అంది. మళ్ళీ మూడు రోజులు దిగింది. కాళ్ళు బొబ్బలెక్కాయి, ఒళ్ళు మండిపోయింది.

"నువ్వూ ఇంకొకరి దగ్గరికి పంపేటట్టయితే ఇప్పుడే చెప్పెయ్ తాతా," అంది తాబేలుతో.

"నడిచొచ్చావు గనుక చెబుతాను. నడిచేవాళ్ళు పాదాలకు సున్నం పూసుకుని గీసిన బాట మీద వాడి మాయ పారదు."

పైడి పరుగున వచ్చి, సున్నం పూసుకుని, కుమ్మరివీధి నుంచి సంత వైపు తిన్నగా అడుగులేసింది. వేగాసురుడు ఉఫ్‌మని ఊదాడు. అడుగులన్నీ దుమ్ములో కలిశాయి. పైడి ఎడమకాలు చీలమండ దాకా రాయైంది.

"ఊరందరి బాటా నువ్వొక్కతెవే గీశావు," అని వాడు వెక్కిరించాడు. "మంత్రికీ నీకూ తేడా ఏంటే, కుండలపిల్లా?"

పైడికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. రాతికాలు ఈడ్చుకుంటూ గడపగడపకూ తిరిగింది. "పెద్దోళ్ళ గొడవ మనకెందుకమ్మా," అన్నవాళ్ళే ఎక్కువ.

"నువ్వెక్కడ దాటాలో చెప్పు, పోతాను," అని గడపలోనే కూలబడేది.

చివరికి ఒక్కొక్కరే నోరు విప్పారు. చూపులేని సూరమ్మవ్వ రాక్షసుడు రాకముందు బావి దగ్గర దాటేదట. అక్కడ గిలక చప్పుడే ఆమెకు దారి. చాకలి ఎల్లన్న గాడిదలతో ఏటి మలుపులో దాటేవాడట. "మా నాన్న బండికి అంచున వేరే బాట కావాలక్కా," అంది మల్లేశు కూతురు. తన తిన్నటి గీత వీళ్ళలో ఒక్కరికీ పనికిరాదని పైడికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఊరంతా సున్నం తొట్టెలో కాళ్ళు ముంచి, ఎవరి దారిన వాళ్ళు ఒకేసారి నడిచారు. మల్లేశు కూతురు ఇంకో బండి చక్రాలకు సున్నం పూసి అంచున తొక్కింది. వేగాసురుడు ఊదాడు, బుసకొట్టాడు. ఒక్క అడుగూ చెరగలేదు. నిలబడే చోటు లేక, సుడిగాలై కొండలకు పారిపోయాడు. పైడి కాలు తేలికైంది, శిలలన్నీ మళ్ళీ మనుషులయ్యాయి.

"ఎంతసేపే, కుండ దించు. మెడ పట్టేసింది," అంది శిల లోంచి లేచిన తల్లి.

ఇంతలో పల్లకీలో రాజు వచ్చాడు. "నా వీధిని పాడుచేసిందెవరు?"

బోయీలు పల్లకీని నేలకు దించారు. "మేమూ నడిచేవాళ్ళమే మహారాజా. దిగి చూడండి."

రాజు దిగి, అవ్వ వెనకాలే బావిదాకా నడిచాడు. తిరిగొచ్చి, వీధుల పెత్తనం పైడికిస్తానన్నాడు.

"నాకొక్కదానికొద్దు," అంది పైడి. "తొట్టె పెట్టించండి, చాలు."

ఆనాటినుంచి కనకగిరిలో కొత్త వీధి వేయాలంటే ముందు సున్నం తొట్టె వస్తుంది. ఆ తర్వాతే మంత్రి వస్తాడు, అదీ నడిచి.