ఒంటి పోగు

రెండువేల ఐదు, జూన్. చిలకలూరిపేటలో షబ్బీర్ విత్తనాల కొట్టు ముందు ఆటో దిగి, చేతిలో పెట్టెతో ఒక అమ్మాయి లోపలికొచ్చింది.

"నా పేరు షమా. యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాను. ఇక్కడ డి.ఎన్.ఏ. టెస్ట్ చెయ్యాలండీ."

షబ్బీర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. అతను ఏ తప్పూ చేయలేదు. చేసేంత ధైర్యం ఎప్పుడూ లేదు.

గల్లా దగ్గరున్న తల్లి అమీర్‌బీ లేచింది. "ఎవరి బిడ్డ? మా వాడు ఆడపిల్ల ఎదురైతే రోడ్డు దాటిపోతాడు తల్లీ!"

"బిడ్డ కాదండీ. పత్తి గింజ."

అమీర్‌బీ కూర్చుంది. కొంచెం నిరాశపడినట్టే ఉంది. కొడుక్కి ముప్ఫై వచ్చాయి మరి.

షమా పెట్టెలోంచి పలుచని పట్టీ తీసింది. కొసన బంగారు చుక్క. "పురుగును తట్టుకునే జీన్ ఉందని మీరు అమ్మే ప్యాకెట్ మీద రాశారు కదా. ఆ జీన్‌కుండే రెండు పోగుల్లో ఒకటే, ఒంటి పోగు, ఈ చుక్క మీద ఉంది. గింజలో దాని జత ఉంటే వచ్చి అతుక్కుంటుంది. కరెంటు మారి, తెర మీద గీత లేస్తుంది."

"జత దొరక్కపోతే?" అడిగాడు షబ్బీర్.

"గీత పడుకునే ఉంటుంది."

"ముప్ఫై ఏళ్లయినా?"

షమా నవ్వలేదు. ఆ ప్యాకెట్‌లో గింజలు నూరింది, మందు కలిపింది, వేడిచేసింది. ఈలోపు షబ్బీర్ నాలుగుసార్లు తల దువ్వుకుని మూడు టీలు తెప్పించాడు. ఆమె ఒక్కటీ తాగలేదు.

గంటన్నర గడిచినా గీత లేవలేదు.

"మీ పెట్టె చెడిపోయిందేమో," అన్నాడు షబ్బీర్. ప్రేమ వయసు గంటన్నర, కొట్టు వయసు పదేళ్లు.

షమా తను తెచ్చిన అసలు గింజ పొడి పెట్టి చూసింది. గీత నిటారుగా లేచింది.

"రిపోర్టులో మీ కొట్టు పేరు రాస్తాను. ఈ రకం ఎవరికైనా అమ్మారా?"

"యలమందయ్య బాబాయ్ ఒక్కడికే. నీ మాట చాలన్నాడు." షబ్బీర్ బయటికి చూశాడు. మబ్బు పట్టింది. "చినుకు పడితే గింజ పెట్టేస్తాడు."

"మరి ఇంకా నిలబడ్డారేం? నేనూ వస్తా. మీ మాట ఆయన ఇప్పటికే ఒకసారి నమ్మాడు."

ఇద్దరూ షబ్బీర్ మోటారుసైకిల్ మీద బయల్దేరారు. దారిలో వాన. షబ్బీర్ రెయిన్‌కోటు తీసి పెట్టెకి కప్పాడు. పిల్ల తడిసింది. ప్రేమించినవాడు చేసే పనేనా ఇది! నల్లరేగడిలో బండి దిగబడితే ఇద్దరూ నడిచారు.

"ఏరా, వానలో పెళ్లిచూపులా?" చేలోంచి అరిచాడు యలమందయ్య.

"ఆపు బాబాయ్! ఆ గింజ దొంగది. చూడకుండా మాటిచ్చాను. తప్పు నాదే."

యలమందయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. షబ్బీర్ అన్నీ పడుతూనే గింజ ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నాడు. షమా అన్నీ శ్రద్ధగా వింది.

కొట్టుకు తిరిగొచ్చాక, "రిపోర్టులో పేరు తియ్యను," అంది.

"తియ్యమనట్లేదండీ. స్పెల్లింగు తప్పు రాయకండి, అంతే."

అప్పుడు నవ్వింది.

అమీర్‌బీ తువ్వాలు తెచ్చింది. "ఆ పెట్టెతో మా వాణ్ణి కూడా చూడకపోయావా, అమ్మాయ్?"

"చూశానత్తా. కొట్లో గీత లేవలేదు. చేలో లేచింది."

అమీర్‌బీ తువ్వాలు పట్టుకుని నిలబడిపోయింది. పొద్దున 'అండీ' అన్న పిల్ల ఇప్పుడు 'అత్తా' అంది. ఆమెకి అది చాలు. షబ్బీర్‌కి అర్థం కావడానికి మాత్రం ఇంకో టీ పట్టింది.

ఈసారి షమా కూడా తాగింది.