లైట్ తీసుకోమన్నాడు

ఫోటోగ్రాఫర్ తన స్టూడియో మధ్యలోనే బోర్లా పడి చనిపోయాడు. పక్కన ఇనుప స్టాండుతో సహా పగిలిన లైట్. స్టాండు అడుగున నెత్తురు.

మర్నాటికల్లా ఎస్సై కేసు తేల్చేశాడు.

"బావమరిదే మేడమ్. అక్కడే అసిస్టెంటు. మధ్యాహ్నం ఇద్దరికీ గొడవ. స్టాండు మీద వాడి వేలిముద్రలున్నాయి. పక్కగది టైలరమ్మ స్టేట్‌మెంటిచ్చింది. సాయంత్రం అయిదింటికి ఫోటోగ్రాఫర్ లైట్ తీసుకోమన్నాడట. ఆ వెంటనే దబ్బుమని చప్పుడు. తీసుకున్నాడు, కొట్టాడు."

ఇన్‌స్పెక్టర్ కాలుగాలిన పిల్లిలా స్టేషన్ గదిలో తిరుగుతోంది. రోజూ మోసే స్టాండు మీద వేలిముద్రలుండక ఏముంటాయి?

"గొడవెందుకు?" బావమరిదిని అడిగింది.

"నన్నింకా చిన్నపిల్లాణ్ణే చేస్తున్నాడని. నాలుగున్నరకే వెళ్లిపోయాను మేడమ్."

"ఎక్కడికి?"

"ఊరికే తిరిగాను. ఎవరూ చూడలేదు."

బెంచీ చివర వాళ్లక్క, ఫోటోగ్రాఫర్ భార్య, కూర్చునుంది. తమ్ముడి వైపు తల తిప్పలేదు.

అది చూశాక ఇన్‌స్పెక్టర్‌కి నిలవబుద్ధి కాలేదు. జీపెక్కి టైలర్ దగ్గరికి పోయింది.

"ఆయనేమన్నాడో మళ్లీ చెప్పండి."

"చెప్పాను కదమ్మా. లైట్ తీసుకోమన్నారు."

"అది మీ మాట. ఆయన నోట వచ్చిన మాట ఉన్నదున్నట్టు కావాలి."

టైలర్ మిషన్ ఆపింది. కళ్లు మూసుకుంది.

"'లైట్ తీసుకోండి' అన్నారు. కాస్త నవ్వుతూనే."

ఇన్‌స్పెక్టర్ అక్కణ్ణించే భార్యకి ఫోన్ చేసింది.

"మీవారు మీ తమ్ముణ్ణి ఏమని పిలిచేవారు?"

"ఒరేయ్ అనేవారు. ఏడేళ్లప్పుడు మా ఇంటికొచ్చాడు. ఆయనే పెంచారు."

"కోపంలోనైనా, ఎగతాళికైనా మీరూ గీరూ అనేవారా?"

"ఒక్కనాడూ లేదు."

సాయంత్రం అందర్నీ స్టూడియోలో కూర్చోబెట్టింది. ఫోటోగ్రాఫర్‌కి పని నేర్పిన స్టూడియో భాగస్వామి కూడా వచ్చాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"నిన్న అయిదింటికి మీరెక్కడున్నారు?"

"కింద ప్రింటింగ్ గదిలో. అసలు మెట్లే ఎక్కలేదు."

"ఫోటోగ్రాఫర్ 'తీసుకోండి' అన్నాడు. బావమరిదిని అండీ అంటాడా?"

"ఎవరో కస్టమరయ్యుంటాడు."

"అయ్యుండొచ్చు." ఆమె గోడమీది ఫోటో వైపు తిరిగింది. వానలో తడుస్తున్న గుర్రం. మొన్ననే పెద్ద బహుమతి వచ్చింది. కింద ఫోటోగ్రాఫర్ పేరు. "ఇది తీసింది ఆయనేనా?"

"కాదు మేడమ్," అన్నాడు బావమరిది. "పెద్దాయన తీశారు."

"పోన్లెండి పెద్దాయనా. ఒక్క ఫోటోయే కదా!" ఇన్‌స్పెక్టర్ తేలిగ్గా నవ్వింది.

ముసలాయన ముఖం కందగడ్డయింది.

"వాడూ ఇంతే! నా జన్మలో అలాంటి ఫోటో ఒక్కటే పడింది. దానికింద వాడి పేరు! అదేంట్రా అనడిగితే పళ్లికిలిస్తూ లైట్ తీసుకోండి అంటాడా?"



"గోడవతల విన్నావిడ దీపమనుకుంది. మేమూ అదే అనుకున్నాం," అంది ఇన్‌స్పెక్టర్. "పట్టించుకోవద్దన్నాడని ఎదురుగా నిలబడ్డవాడికే తెలుసు. స్టేట్‌మెంట్లో 'తీసుకోమన్నాడు' అని రాసుకున్నాం. ఆ ఒక్క ముక్కలో 'అండి' కొట్టుకుపోయింది. దాంతోపాటు మీరూ తప్పించుకున్నారు."

పెద్దాయన గుర్రం ఫోటో వైపు చూశాడు. "చంపుదామనుకోలేదమ్మా. ఆ నవ్వు ఆగితే చాలనుకున్నాను."

ఎస్సై ఆయన్ని కిందికి తీసుకుపోయాడు.

అక్క లేచింది. తమ్ముడి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేయబోయింది. వాడు పక్కకి జరిగాడు.

"నువ్వు కూడా నమ్మావు కదక్కా."

 కింద పెద్దాయన చెప్పులు మెట్లమీద ఒక్కొక్కటే దిగుతున్నాయి. "ఇంటికి రారా," అంది అక్క.

వాడు లేవలేదు. ఆమె కూడా వెళ్లలేదు. నేలమీదే, వాడికి కాస్త దూరంలో కూలబడింది.