మిషన్ సరుకు

"ఇది మిషన్ సరుకండి. తీసేయండి."

దుర్గాసాయి ఆ మాట అంటూ ఫారం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీశాడు. బల్లకు అవతల నిలబడ్డ అమ్మాయి ఆ గీత వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది. బురదలో చెప్పుకు అంటుకున్న దాన్ని చూసినట్టు చూసింది.

ధవళేశ్వరం కమ్యూనిటీ హాల్లో చేతిపని ప్రదర్శన ఆ ఉదయమే మొదలైంది. గుమ్మం మీది ఫ్లెక్సీలో పద్నాలుగు ముఖాలున్నాయి. చేత్తో ఏదైనా చేసే ముఖం వాటిలో ఒక్కటీ లేదు. కమిటీ అధ్యక్షుడు త్రిమూర్తులు గారి ముఖం అన్నిటికంటే పెద్దది.

నిరుడు ఎవరో బజారు బొమ్మలు తెచ్చి సొంత చేతిపని అని పెట్టేశారు. పెద్ద గొడవైంది. అందుకని ఈసారి సరుకు తనిఖీకి దుర్గాసాయిని వేశారు. అతను గోదారిలో చేపలు పట్టే ఇంటివాడు. తాత పల్లంరాజు దగ్గర విసురు వలలు అల్లడం నేర్చుకున్నాడు. మిషన్ వలని పది అడుగుల దూరం నుంచే పట్టేస్తాడు. దాంతో లోకంలో దారంతో చేసేదల్లా తనకి తెలుసని ఒక నమ్మకం ఏర్పడిపోయింది.

"మిషన్ సరుకని ఎలా చెప్పారండీ?" అంది అమ్మాయి. గొంతు చాలా మర్యాదగా ఉంది. ప్రమాదం అక్కడే ఉంది.

"కన్నులు చూడండి." వలలో రంధ్రాన్ని వాళ్లు కన్ను అంటారు. "అన్నీ ఒకే కొలత. చేత్తో అల్లితే ఎక్కడో ఒక కన్ను అటూ ఇటూ అవుతుందండి. మనిషన్నాక తప్పు దొర్లుతుంది."

"మీరు అల్లితే దొర్లుతుందేమో."

పక్క బల్ల దగ్గర తాటాకు బుట్టలు పెట్టుకున్న మరిడమ్మ కిసుక్కుమంది.

అతను ఫారంలో పేరు వెతుక్కున్నాడు. "చూడండి, హారతి గారూ. అల్లిక నాకేం కొత్త కాదు. వలలు అల్లుతాను."

"మరి ఇది కూడా వలే అనుకున్నారా? దీంతో కొర్రమీను పట్టాలా? ఇది లేసండి. మా నరసాపురం వైపు ఆడవాళ్లు వందేళ్లకు పైగా అల్లుతున్నారు. ఇలా కొక్కెం సూదితో క్రోషె అల్లే మిషన్ని ఇంతవరకూ ఎవరూ తయారుచెయ్యలేదు. మీకెక్కడైనా కనిపిస్తే చెప్పండి, మా అమ్మకి ఒకటి కొనిపెడతాను. నడుం నొప్పయినా తగ్గుతుంది."

దుర్గాసాయి నోరు తెరిచాడు. ఈలోగా త్రిమూర్తులు గారు అడ్డొచ్చారు.

"అమ్మాయ్, కమిటీ నిర్ణయం అయిపోయింది. బల్ల ఖాళీ చెయ్యి. ఆ పేరు అట్ట ఇలా ఇచ్చెయ్."

పేరు అట్ట అనగానే ఆమె ముఖంలో వెటకారం ఆరిపోయింది.

అట్ట మీద 'సూర్యకళ, హారతి' అని ఉంది. సూర్యకళ ఆమె తల్లి. ముప్పై ఏళ్లుగా లేసు అల్లుతోంది. అల్లిందల్లా ఏజెంటు పట్టుకుపోతాడు. అది ఎవరి పేరుతో ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుంటుందో ఆమెకి తెలియదు. తన పేరు రాసిన బల్లని మొదటిసారి చూసుకోవడానికి రేపు బస్సెక్కి రాబోతోంది.

హారతి అట్ట ఇచ్చేసింది. ఏడవలేదు. లేసు మడిచి సంచిలో పెట్టి, అదే కుర్చీలో కూర్చుని, సూదీ దారమూ బయటికి తీసింది.

"ఖాళీ చెయ్యమన్నారు కదండీ," అన్నాడు దుర్గాసాయి ఇబ్బందిగా.

"బల్ల ఖాళీ చేశాను. కుర్చీ గురించి కూడా కమిటీ నిర్ణయం ఉందా?"

కాసేపటికి ఆమె చేతిలో ఒక దారం పువ్వు తయారైంది. పక్కనే ఇంకోటి. తర్వాత మూడోది. ఆమె సూది వంక చూడటం లేదు. అతని వంకే చూస్తోంది, వెక్కిరింపుగా. అతను వంగి రేకులు పరీక్షించాడు. కన్నులు పరీక్షించాడు. అన్నీ ఒకే కొలత.

"తప్పు వెతుక్కోండి. మనిషన్నాక దొర్లుతుందన్నారుగా."

"లేదండి," అన్నాడు నీరసంగా.

"మీ వలకి అన్ని కన్నులుంటాయి కదా. అల్లేవాడికి రెండైనా ఉండొద్దూ?"

మరిడమ్మ ఈసారి బాహాటంగా నవ్వింది. దుర్గాసాయి చెయ్యి చాపాడు. "ఓసారి ఇస్తారా? చూస్తాను."

ఇచ్చింది. అతను ప్రతి కుట్టునీ వల ముడిలా బిగించి లాగాడు. నాలుగో కుట్టుకి దారం పుటుక్కుమంది.

"దాన్ని ఉరి తియ్యకండి. మిమ్మల్నేం చేసింది?"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది కానీ పళ్లు బిగించి ఆపుకుంది. ఇలాంటివాడి ముందు నవ్వితే అలుసైపోతాం.

అతను నేరుగా అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాడు. "పొరపాటు నాదండి. ఆమె బల్ల ఆమెకి ఇచ్చేయండి."

"ఎలా ఇస్తామయ్యా? దాని మీద అప్పుడే మా మరదలు రంగులేసిన సీసాలు పెట్టుకుంది. అయినా ఒకసారి కాదన్నాక మళ్లీ ఔనంటే కమిటీ పరువేం కావాలి?"

ఫ్లెక్సీలో ముఖానికి పరువు ఎక్కువ. దుర్గాసాయి మైకు అందుకున్నాడు.

"పొద్దున్న ఒక లేసుని మిషన్ సరుకన్నానండి. అది చేతిపనే. లేసంటే తెలియక వల లెక్కతో చూశాను. తప్పు నాది."

మరిడమ్మ చప్పట్లు కొట్టింది. త్రిమూర్తులు గారు మైకు లాక్కుని "సాంకేతిక లోపం" అన్నారు. మరుక్షణమే ఆ లోపాన్ని తనిఖీ పని నుంచి తీసేశారు.

దుర్గాసాయి తన బల్ల దగ్గరికి నడిచాడు. నాలుగు నెలలు కూర్చుని అల్లిన వల అక్కడ వేలాడుతోంది. తాత లేకుండా, తన పేరుతో పెట్టిన మొదటి వల. దాన్ని దింపి భుజాన వేసుకున్నాడు. తన పేరు అట్టని వెనక్కి తిప్పి 'సూర్యకళ, హారతి' అని రాశాడు.

"ఈ బల్ల నాదండి. నా బల్ల మీద ఎవరి సరుకు పెట్టాలో రూల్స్‌లో లేదు. చదివాను."

హారతి థాంక్స్ చెప్పలేదు. "కాస్త కుదురుగా రాయండి. మా అమ్మ చదవాలి," అంది.

మర్నాడు పొద్దుట్నుంచీ వాన. దుర్గాసాయి హాలు వరండాలో వల పరుచుకుని, సగం తడిసి కూర్చున్నాడు. హారతి రెండుసార్లు బయటికెళ్లింది, అతన్ని తిట్టి ఇంటికి పంపించడానికి. ఒక్కో తిట్టుకీ అరగంట పట్టింది.

మధ్యాహ్నం సూర్యకళ వచ్చింది. బల్ల ముందు నిలబడింది. తన పేరు కింద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. ఇంకోసారి చదివింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన నీళ్లే అని మనం కూడా నమ్ముదాం.

"ఆ మిషనన్నవాడు ఎవడే?"

హారతి వరండా వైపు చూపించింది. సూర్యకళ విసవిసా వెళ్లింది. కూతురు వెనకే వెళ్లి గుమ్మంలో ఆగింది.

"నువ్వేనా బాబూ?"

అతను లేచి నిలబడ్డాడు. "నేనేనండి."

"లేసు తెలీదు. రాతా రాదు. నా పేరులో 'ర్య' వంకరపోయింది."

"ఆయ్. పోయిందండి." అతను ఆమె భుజం మీదుగా హారతి వంక చూశాడు. "మీ ఊరికి ఇక్కణ్ణుంచి నేరుగా బస్సుందాండీ?"

"ఎందుకు?" అంది హారతి.

"మా తాతని తీసుకురావాలి. పెద్దాయన, రెండు బస్సులు మారలేడు."

వాన ఒక్కసారిగా పెద్దదైంది. హారతికి అర్థమైంది. చెవులదాకా ఎర్రబడి, దానికీ అతనే కారణమన్నట్టు కోపంగా చూసింది.

"ఆయనొచ్చి ఏం చేస్తారు?"

"మాట్లాడతారండి."

"మీకు నోరు లేదా?"

"ఉందండి. నిన్న దాంతోనే చెడ్డాను." తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "సరే, నేనే చెప్తాను. మీరు రోజూ ఇలా తిడుతుంటే నాకు బాగుంటుందండి. ఉన్నన్నాళ్లూ."

"రోజూ మిమ్మల్ని తిట్టడానికి నాకేం పని లేదనుకున్నారా?" తల తిప్పుకుంది. వాన వంక చూస్తూ, వినపడీ వినపడనట్టు అంది. "సాయంత్రాలైతే కుదురుతుంది."

సూర్యకళ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. గొడుగు విప్పి, మళ్లీ ముడిచింది.

"ఆదివారం తీసుకురా మీ తాతని. వచ్చేటప్పుడు చేపలు తెండి," అంది. రెండడుగులు లోపలికి వేసి, అనుమానంగా వెనక్కి తిరిగింది.

"బజార్లో కొన్నవి కాదు. మీరు పట్టినవి."