కొండమనిషి పిల్లలు

ఉదయం పూట గొంతు తగ్గించి మాట్లాడుకోవడం రంపచోడవరం వాళ్ళకు అలవాటైపోయి చాలా ఏళ్ళయింది. ఆ వేళలో ప్రతి ఇంట్లోనూ, ప్రతి కొట్టులోనూ వనవాణి మోగుతూ ఉంటుంది. పళ్ళెమంత గుండ్రటి ఆ పరికరంలోంచి పైన కొండల్లోని అడవి ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఏ గొంతు వినిపిస్తే దాని పేరు పళ్ళెం మీద వెలుగుతుంది. కొండమైనా. అడవికోడి. మచ్చల జింక.

వీర్రాజు టీ కొట్టు ముందు నిలబడ్డ వాళ్ళు ఆ రోజు గ్లాసులు చేత పట్టుకుని తాగడం మరిచిపోయారు. అందరూ ఒక్క గొంతు కోసమే ఎదురు చూస్తున్నారు. చివరికి అది వినిపించింది. లోతుగా 'ఊ' అని మొదలై, సన్నగా పైకి పాకి, చివర నాలుక అంగిట్లో కొట్టినట్టు టక్కున ఆగింది. కాసేపాగి మళ్ళీ వచ్చింది. పళ్ళెం మీద 'కొండమనిషి పిల్ల' అని వెలిగింది.

"ఈ వారం నుంచీ ఎంత బాగా పాడతందో చూడండి అచ్చియమ్మ గారూ," అన్నాడు వీర్రాజు, పక్కనే నిలబడ్డ ఆమె వైపు తిరిగి. "మా మనవరాలు ఈ పాట ఇంటేనే గానీ అన్నం ముట్టదండి."

అచ్చియమ్మ తలూపి గ్లాసు కింద పెట్టేసింది. ఆ పాట మళ్ళీ మొదలవకముందే కొట్టు దాటి నడిచింది.

ఆమె పని చేసేది వనకర్ణ కేంద్రంలో. అడవిలో ప్రతి చెట్టుకూ వేపగింజంత చెవిగింజ ఒకటి అతికించి ఉంటుంది. అవి విన్నదంతా కేంద్రంలోని వనకర్ణం అనే మహాయంత్రానికి చేరుతుంది. చీమ నడిచినా దానికి తెలుస్తుంది. అది వచ్చాక వేటగాళ్ళు పోయారు, కలప దొంగలు పోయారు. పులులు పెరిగాయి. నగరాల్లో నిద్రపట్టని వాళ్ళకు వైద్యులు మందు బదులు వనవాణి రాసిచ్చేవారు. అయితే అడవి అంత స్వచ్ఛంగా వినిపించాలంటే అందులో మనిషి గొంతు ఉండకూడదు. అందుకే నిర్జన వన చట్టం వచ్చింది. కొండల మీది ఊళ్ళన్నీ దించి మైదానంలో కాలనీలు కట్టారు. అప్పటి నుంచి అడవిలో ఒక్క మాట వినిపిస్తే చాలు, రెక్కబంట్లు వచ్చి వాలేవి. గద్దంత ఉండే ఆ ఎగిరే కాపలా యంత్రాలు మాట్లాడిన వాళ్ళను చుట్టుముట్టి, ఎంతో మర్యాదగా, బయటికి తోలుకొచ్చేవి.

వనకర్ణం గుర్తించలేని గొంతులకు పేరు ఖరారు చేసే నామకర్త ఉద్యోగం అచ్చియమ్మది. ఆమె కొండరెడ్ల పిల్ల. పుట్టింది పై కొండల్లోని ఇప్పలొద్దిలో. ఆశ్రమ పాఠశాలలో చదివి, నగరం వెళ్ళి శబ్దశాస్త్రం చదివి వచ్చింది. ఆమె వచ్చేసరికి ఇప్పలొద్ది లేదు. తమ్ముడు పండురెడ్డి భార్య చెల్లాయమ్మతో సహా కాలనీకి దిగాడు గానీ, రేకుల ఇంట్లో మొదటి ఎండాకాలమే వాళ్ళ చంటిబిడ్డ వడదెబ్బకు పోయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కనిపించలేదు. ఒడిశా వైపు పనికి పోయారని అందరూ అనుకున్నారు. అచ్చియమ్మ కూడా అలాగే అనుకుని మనసు సరిపెట్టుకుంది.

కొండమనిషి పిల్లల గొంతులు మొదట వినిపించినప్పుడు వనకర్ణం తికమకపడింది. రెండు కాళ్ళ నడక. కర్రతో మాను మీద మోదే చప్పుడు. మాట మాత్రం కాదు. విదేశాల్లో బిగ్‌ఫుట్ అని చెప్పుకునే జీవి లాంటిదేదో మన కొండల్లోనూ ఉందనీ, ఊపిరి తీరును బట్టి ఇవి దాని పిల్లలనీ యంత్రం తేల్చింది. కేంద్రాధిపతి నిరంజనరావు ఆ మాట లోకానికి చాటాడు. దేశం ఊగిపోయింది. ఆ గొంతులు వినిపించే కొండల చుట్టూ ప్రత్యేక రక్షిత వలయం గీశారు.

"పిల్లలే వినిపిస్తాయేం సార్? పెద్దవి ఎందుకు వినిపించవు?" అని ఒకసారి అచ్చియమ్మ అడిగింది.

"పెద్దవి జాగ్రత్తగా ఉంటాయమ్మా," అన్నాడాయన నవ్వుతూ.

ఆ మాట ఎంత నిజమో ఆయనకు తెలియదు. అచ్చియమ్మకు మాత్రం అనుమానం పుట్టింది. ఆ అరుపు మొదట్లో లోతుగా వచ్చే 'ఊ' ఆమె ఎరిగినదే. చిన్నప్పుడు పండురెడ్డి కొర్రచేలో మంచె మీద నిలబడి చిలకలను తోలిన కేక అలాగే ఉండేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు కేంద్రానికి వెళ్ళగానే నిరంజనరావు ఆమెను పిలిపించాడు. "ఆ పాడే పిల్ల వారంగా ఒకేచోట ఉంది. వచ్చే నెల బొమ్మలు తీసే నేత్రబంట్లను పంపి జనానికి దర్శనం చేయిద్దామని పైవాళ్ళు అంటున్నారు. ముందు మనవాళ్ళెవరైనా వెళ్ళి చూసి రావాలి. ఆ కొండలు నీకు తెలుసు కదా?"

"వెళ్తాను సార్," అంది అచ్చియమ్మ. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే ఆమె లేచి నిలబడింది.

అడవిలోకి వెళ్ళే ఉద్యోగులు మౌనపట్టం కట్టుకోవాలి. నోటినీ ముక్కునూ కప్పి, దగ్గును సైతం మింగేసే మెత్తటి తొడుగు అది. దాన్ని బిగించుకుని ఆమె వాగు వెంబడే కొండెక్కింది. ఇప్పలొద్ది ఉన్నచోట వెదురు కమ్మేసింది. అక్కడి నుంచి పైకి నడుస్తుంటే మాను మీద కర్ర మోదిన చప్పుడు వినిపించింది. వెంటనే ఎగువ నుంచి జవాబుగా అరుపు. తలెత్తి చూస్తే బండ మీద ఒక ఆడపిల్ల.

తొమ్మిదీ పదేళ్ళుంటాయేమో. అడ్డపంచె, చింపిరి జుట్టు. ఆ పిల్ల మోకాలి మీద తల పెట్టుకుని ఒక పిల్లాడు పడుకుని ఉన్నాడు. వాడి పాదం ఉబ్బి నల్లబడింది. వాడు నొప్పికి నోరు తెరిచాడు. లోతుగా 'ఊ' అని మొదలై సన్నగా పైకి పాకిన ఆ గొంతు ఆగగానే, పిల్ల వాడి నుదురు నిమిరి నాలుకతో టక్కుమనిపించింది. ఆ రెండూ కలిపే రోజూ ఊరు ఊరంతా పాట అనుకుని వింటోంది.

అచ్చియమ్మ మౌనపట్టం విప్పబోయింది. అంతలో వెనక నుంచి ఎవరో వచ్చి ఆమె నోటిని అరచేత్తో అదిమి పట్టారు. తిరిగి చూస్తే చంకలో కర్రతో పండురెడ్డి. గడ్డం తెల్లబడింది. వద్దని తల అడ్డంగా ఊపాడు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఎగువనున్న జలపాతం వెనక గుహలోకి తీసుకుపోయాడు. నీళ్ళు చెవులు దద్దరిల్లేలా పడుతున్నాయి.

"ఇక్కడ మాటాడొచ్చక్కా," అన్నాడు. గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది. "నీల్ల మోతలో ఆటికి ఇనపడదు."

అచ్చియమ్మ మౌనపట్టం మెడలోకి లాగింది. "ఎక్కడికి పోయావురా? చెల్లాయమ్మ ఏది?"

"పోయింది. ఈడు పుట్టినప్పుడే. నోట్లో గుడ్డ కుక్కుకుని కనింది. మూలిగితే యంత్రాలొస్తాయని." పిల్లాణ్ణి భుజం మీది నుంచి దింపి ఆమె ఒళ్ళో పడుకోబెట్టాడు. "బైటికి పోదామన్నా. ఒద్దంది. కాలనీలో ఒక బిడ్డని పూడ్చాం, చాలంది."

"పిల్లల పేర్లేంటి?"

"పేరు పెడితే పిలవాల్సొస్తది."

అతనే చెప్పుకొచ్చాడు. చంటిపిల్లకు ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ మాట్లాడకూడదో ఎలా చెప్పడం? అందుకని అసలు మాటే నేర్పలేదు. తను సైగలతోనూ, వేలితో గీచిన గీతలతోనూ నడిపించాడు. ఎప్పుడైనా మరీ దూరం పోతే పాత చిలకల కేక ఒక్కటి వేసేవాడు. పిల్ల దాన్ని పట్టుకుంది. పిట్టల దగ్గర కొంత, కోతుల దగ్గర కొంత ఏరి తెచ్చి కలిపింది. పిల్లాడు పెరిగేసరికి వాళ్ళిద్దరికీ ఒక భాష అయింది.

"నాకే సగం తెలవదు," అన్నాడు పండురెడ్డి. "ఇక్కడికి తీసుకొచ్చి నాలుగు మాటలు నేర్పుదామని సూశా. నా నోరు కదిలితే పిల్ల బయపడతది."

నిజమే. ఆడపిల్ల గుహ మొదట్లోనే నిలబడిపోయి, మాట్లాడే ఆ ఇద్దరి పెదవుల వైపు బెదురుగా చూస్తోంది.

అచ్చియమ్మ పిల్లాడి కాలు పట్టుకుని చూసింది. వెదురు కొయ్య గుచ్చుకున్న గాయం. ఆకుపసరు కింద నుంచి ఎర్రటి చార తొడ దాకా పాకింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"వీణ్ణి ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపోవాలి. నువ్వూ రా, పాపనీ తీసుకురా."

"తీసుకెల్తే మల్లీ రానివ్వరు."

"వాడు బతకడురా!"

"తగ్గిపోద్ది. పసరు కడతన్నా కదా." ఆ మాట అతనికే నమ్మకంగా లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, సంతకొచ్చే దారి పక్కన నక్కి ఇన్నా. కొండమనిషి పిల్లలని మీరందరూ ముద్దు సేత్తన్నారంట. ఈటి జోలికి రాకూడదని గీత గీశారంట. అది సాలు. మనుసుల పిల్లలని మాత్రం సెప్పకు. మనుసులని తెలిత్తే ఉండనివ్వరు."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆమె ఒళ్ళో పిల్లాడి కళ్ళు తేలిపోతున్నాయి. వాణ్ణి మోసుకుని అంత దూరం దిగేసరికి ఏమవుతుందో ఆమెకు తెలుసు. గుంపుగా ఎత్తి త్వరగా తీసుకుపోగలిగినవి రెక్కబంట్లే.

ఆమె పిల్లాణ్ణి పడుకోబెట్టి లేచింది. నీటి తెర దాటి బండ మీదికి వచ్చి, మెడలోని మౌనపట్టం లాగి పారేసి, గొంతు చిరిగేలా అరిచింది. "ఇక్కడ పిల్లలున్నారు! మనుషుల పిల్లలు! రండి!"

మాట కొండ మీద నుంచి కొండ మీదికి దొర్లింది. పండురెడ్డి పరుగెత్తుకొచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆడపిల్ల మాత్రం మనిషి గొంతు అంత గట్టిగా ఆరుబయట ఎన్నడూ విని ఎరగదు. పులి గాండ్రించినట్టు అదిరిపడి, రాళ్ళ మీద నుంచి దూకి వెదురులోకి పోయింది. పండురెడ్డి కేక వేశాడు. పిల్ల తిరిగి చూడలేదు. అప్పటికే ఆకాశంలో రెక్కల రొద మొదలైంది.

పిల్లాడు బతికాడు. మూడు వేళ్ళు తీసేశారు గానీ కాలు నిలిచింది.

కొండమనిషి పిల్లలు లేరని తెలిసి జనం నొచ్చుకున్నారు. తమను ఎవరో మోసం చేసినట్టు మాట్లాడారు. "మనుసుల పిల్లలేనటండీ," అన్నాడు వీర్రాజు నిరాశగా, "అనవసరంగా మనసు పెట్టుకున్నాం." రక్షిత వలయం ఎత్తేశారు.

నిరంజనరావు ఒక సాయంత్రం అచ్చియమ్మ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన కూడా నాలుగు రోజులుగా సరిగా తిన్నట్టు లేడు. "ఆ పిల్లను వెతకాలంటే యంత్రానికి ఆ గొంతు మనిషిదని చెప్పాలి. నువ్వే చెప్పాలి, అచ్చియమ్మా. అది నీ పని."

ఆమె చెప్పింది. ఆ గొంతుకు ఎదురుగా 'మనిషి' అని ఖరారు చేసింది. పిల్ల దొరుకుతుందనే చేసింది.

ఆడపిల్ల తమ్ముడి కోసం ఒక లోయలో పిలిచింది. రెక్కబంట్లు అక్కడికి పోయాయి. ఇంకో కొండ మీద పిలిచింది. అక్కడికీ పోయాయి. పిలిచినప్పుడల్లా అవి వస్తున్నాయని ఆ పిల్లకు అర్థమైంది. ఆ తర్వాత ఆ గొంతు గానీ, రెండు కాళ్ళ నడక గానీ అడవిలో మళ్ళీ వినిపించలేదు. పిట్టల గొంతులన్నీ పట్టుబడిన పిల్ల, వట్టి పిట్టలా అరిస్తే వనకర్ణం పిట్ట అనే చెబుతుంది. పొద్దంతా అచ్చియమ్మ అడవికోడి ప్రతి కూతనూ, కొండమైనా ప్రతి పలుకునూ మళ్ళీ మళ్ళీ వినేది. చీమ నడక విన్న యంత్రం ఆ పిల్ల ఉందో లేదో చెప్పలేకపోయింది.

పండురెడ్డిని కాలనీలో ఉంచారు. ఇప్పుడతను ఎక్కడైనా, ఎంత గట్టిగానైనా మాట్లాడవచ్చు. అతను నోరు తెరవలేదు. అక్క వస్తే లేచి నిలబడేవాడు, పెట్టింది తినేవాడు, అంతే. పిల్లాడు మొదట్లో ఆస్పత్రి కిటికీ దగ్గర కూర్చుని అరుస్తుండేవాడు. పక్క మంచాల వాళ్ళు విసుక్కునేవారు. నర్సు బుగ్గ గిల్లి, మాటకొక బిస్కెట్టు పెట్టి, ఒక్కొక్క మాటే నేర్పింది. చిన్న వయసు కాబట్టి వాడు త్వరగా నేర్చుకున్నాడు. వానలు వెళ్ళేసరికి వాడి నోట తెలుగు గలగలమంది.

అప్పటికి అచ్చియమ్మకు అనుమతి దొరికింది. పిల్లాడు పిలిస్తే ఆ పిల్ల రావచ్చని ఆమె ఆశ. ఒక పొద్దుటి పూట పండురెడ్డినీ పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని అడవి అంచుకు వెళ్ళింది. పిల్లాడు కుంటుకుంటూ ముందుకు నడిచాడు.

"పిలువు నాన్నా. అక్కను పిలువు," అంది అచ్చియమ్మ.

వాడు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. నోరు గుండ్రంగా తెరిచాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. నాలుక అంగిట్లో పెట్టి చూశాడు, తీశాడు. ఆఖరికి గట్టిగా అరిచాడు.

"అక్కా!"

అడవి ఏమీ అనలేదు. వాడు ఇంకోసారి అరిచాడు. దూరంగా రెక్కబంటు ఒకటి లేచి, వాళ్ళ తలల మీదికి వచ్చి, దయచేసి వెనక్కి వెళ్ళమని చెప్పింది.

వాడు అచ్చియమ్మ చీర చెంగు పట్టుకుని లాగాడు. "అత్తా, అక్కకి ఆ మాట తెలుసా?"

వెనక నుంచి పండురెడ్డి గొంతు వినిపించింది. అడవి విడిచాక అతను మాట్లాడడం అదే మొదలు.

"తెలవదురా," అన్నాడు.