నలభయ్యో ప్రాంప్ట్

ఎనిమిది సెకన్ల వీడియో. తెల్లటి వ్యాన్. వెనక సీట్లో పదేళ్ల పాప రెండు చేతులతో అద్దాన్ని బాదుతోంది. అంతే, అక్కడికి ఆగిపోతుంది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని యాభై సార్లైనా చూసి ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి, తన సెల్లుకు వచ్చిందంటూ పాప తల్లి పరుగున తెచ్చి చూపించింది. అప్పట్నుంచీ ఊళ్లోని తెల్ల వ్యాన్లన్నీ ఆపించింది ఇన్‌స్పెక్టర్. కానిస్టేబుళ్లు కాళ్లరిగేలా తిరిగారు. ఒక్క ఆచూకీ దొరకలేదు.

ఇప్పుడు టైమ్ రెండూ ఇరవై. పాప స్కూల్ గేటు దాటి సరిగ్గా ఇరవై రెండు గంటలు. ఉబ్బసం ఉన్న పిల్ల. ఇన్‌హేలర్ ఇంట్లోనే మర్చిపోయింది.

ఆ ఇన్‌హేలర్‌ను పిడికిట్లో బిగించుకుని తల్లి తన ఆఫీసు కుర్చీలో కూర్చుని ఉంది. అది చిన్న యాడ్ కంపెనీ. రెండు గదులు, మూడు కంప్యూటర్లు. ప్రాంప్టులు రాయడం ఆమె ఉద్యోగం. కావలసిన దృశ్యాన్ని మాటల్లో రాసి ఏపీఐ అనే ఇంటర్నెట్ లంకె ద్వారా పంపితే, ఎక్కడో ఉన్న యంత్రం దాన్ని చిన్న వీడియో చేసి ఇస్తుంది. పాప రోజూ స్కూల్ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. నిన్న రాలేదు. అందుకే ఈ బిల్డింగ్‌లో ఎవరూ వెతకలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా తల్లిని మరోసారి వివరాలడగడానికే హెడ్ కానిస్టేబుల్‌తో ఇప్పుడిక్కడికి వచ్చింది.

ఓనర్ గోడ గడియారం వైపు చూశాడు. "ఇంకెంతసేపు మేడమ్? అసలే ఇవాళ ఒక్క యాడ్ కదల్లేదు. రోజుకు నలభై వీడియోల కోటా. నేను తొమ్మిదింటికి వచ్చేసరికే అయిపోయిందంటోంది."

ఇన్‌స్పెక్టర్ చటుక్కున తిరిగింది.

"ఒక్కో వీడియో ఎంతసేపుంటుంది?"

"ఎనిమిది సెకన్లు."

తల్లి తల వంచుకుంది.

"పంపినవాటి లాగ్ తెరవండి."

ఓనర్ తెరిచాడు. పొద్దున ఏడూ అయిదు నుంచి ఎనిమిదీ యాభై దాకా నలభై రిక్వెస్టులు. అన్నిట్లోనూ తెల్ల వ్యాన్ ఉంది.

"మీరేనా?"

"నేనే."

"ఎందుకమ్మా?"

"నిన్న ఆరింటికి స్టేషన్‌కొచ్చి మీ కాళ్లావేళ్లా పడ్డాను. ఫ్రెండింటికి వెళ్లుంటుంది, పొద్దున చూద్దామన్నారు. ఎవరో ఎత్తుకెళ్లారంటేనన్నా కదుల్తారని... కదిలారుగా మేడమ్!"

"కదిలాం! మీరు పుట్టించిన వ్యాన్ వెనక తిరిగాం. అయిదు గంటలు!"

అరిచాక ఇన్‌స్పెక్టర్‌కు తన మీద తనకే రోత పుట్టింది. పొద్దున చూద్దామన్నది వేరెవరో కాదు, తనే.

"నలభై ఎందుకు పంపారు?"

"మనం రాయనిదల్లా యంత్రం తనకు తోచినట్టు పెట్టేస్తుంది. ప్రతిసారీ ఎవరి పిల్లో వచ్చేది. మా పిల్ల వచ్చేదాకా రాస్తూనే పోయాను."

ఇన్‌స్పెక్టర్ చివరి ప్రాంప్ట్‌ను పైకి చదివింది.

"రెండు జడలు, ఎడమ జడ వదులు. ముందు పన్ను కొన విరిగింది. కుడి షూ లేసు తెల్లది, ఎడమది నల్లది. మెళ్లో నీలం రిబ్బనుకు తాళంచెవి..."

ఆగిపోయింది. "ఏ తాళంచెవి?"

"ఏమో మేడమ్. ఎక్కడో దొరికిందట. వారం నుంచీ మెళ్లో వేసుకుని తిరుగుతోంది. ఆటకేమోనని వదిలేశాను."

ఓనర్ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీలం రిబ్బనా? అది పై అంతస్తు రికార్డింగ్ గదిది. గొంతులు కూడా యంత్రమే ఇస్తోందని ఆ గది మూసేసి ఏడాదైంది. తాళంచెవి పోయిందనుకున్నాను."

"తలుపు?"

"దానంతటదే లాక్ పడుతుంది. లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది."

"లోపల అరిస్తే?"

"వినపడదు మేడమ్. వినపడకూడదనే కట్టించాం."

ఆ మాట పూర్తయ్యేలోపే తల్లి మెట్ల మీద ఉంది.

హెడ్ కానిస్టేబుల్ కొట్టిన మూడో దెబ్బకు తలుపు విరిగింది. వేడి గాలి మొహాన కొట్టింది. స్పాంజి గోడకు ఒరిగి పాప. పెదవులు నల్లబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ పాప ఛాతీకి చెవి ఆనించింది. సన్నగా, ఆగి ఆగి, పిల్లికూతలు.

"ఊపిరుంది!"

తల్లి చేతులు ఇన్‌హేలర్ మూతతో పెనుగులాడుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ ఆ చేతులను గట్టిగా పట్టుకుని ఇన్‌హేలర్ పాప నోటికి అందించింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి పాప ఛాతీ పైకి లేచింది. కాసేపటికి కళ్లు తెరిచింది.

"చాలాసేపు పిలిచానమ్మా."

తల్లి పాపను గుండెలకు హత్తుకుని ఘొల్లుమంది.

పాపను అంబులెన్స్ ఎక్కించాక తల్లి రెండు చేతులూ ముందుకు చాపింది. "దొంగ వీడియో చేశాను. కేసు పెట్టండి."

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి నిన్నటి మిస్సింగ్ ఫారం తీసింది. ఆనవాళ్లు అన్నచోట తన చేతిరాత: యూనిఫాం, రెండు జడలు. కింద అయిదు గీతలు ఖాళీ.

"మీరింకా చెప్పబోతున్నారు నిన్న. చాల్లెమ్మా అని పెన్ను మూత పెట్టేశాను. యంత్రం నలభై సార్లు విన్నది. నేను ఒక్కసారి వినలేకపోయాను."

ఇన్‌స్పెక్టర్ ఆ ఫారాన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టింది.

"కేసు పెడతాను. తప్పదు. కానీ దాంట్లో మొదటి కాగితం ఇదే ఉంటుంది. ముందు మీరు బండెక్కండి, పాప చూస్తోంది."