నాలుగో మాట దగ్గర బరువు

మధ్యాహ్నం 2:10 తర్వాత ఒడిలియా టీచరమ్మను ఎవరూ చూడలేదు.

బడి గేటు దగ్గర ఆమె ట్రంకుపెట్టె ఉంది. పెట్టె మీద శాలువా. శాలువా మడతలో 4 గంటల బస్సు టికెట్. ముప్పై ఒక్క ఏళ్ళు మెక్సికోలోని ఈ ఓహాకా కొండల పిల్లలకు స్పానిష్ నేర్పింది. ఈరోజుతో ఊరు వదిలి చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోవాలి.

3:25కి పోలీసు ఏజెంట్ లోరెన్సా జీపు దిగింది.

హెడ్మాస్టర్ అబుందియో వచ్చి రెండు వారాలే. భోజనాల దగ్గర చూశానన్నాడు. బంట్రోతు ఇలారియో, టీచరమ్మ వచ్చిన ఏడాదే చేరినవాడు, అసలు చూడలేదన్నాడు.

గోడలోని ఇనుప గొట్టం మోగింది. పెద్ద దెబ్బ, చిన్న దెబ్బ. మళ్ళీ అదే. మళ్ళీ అదే. తర్వాత చిన్న, పెద్ద, చిన్న. చివరికి పెద్ద, చిన్న.

"ఏంటది?"

"గాలి మేడం. నీళ్ళ వంతు రేపు కదా, గొట్టాలు ఖాళీ," అన్నాడు ఇలారియో.

లోరెన్సా ఆ దెబ్బలను నోట్‌బుక్‌లో గీతలుగా గీసుకుంది.

3:41. మూడో తరగతి. పిల్లలు బల్లలు మోగిస్తూ పాఠం చెబుతున్నారు. కాంతో, కాంతాస్, కాంతా, కాంతామోస్, కాంతాన్. నేను పాడతాను, నువ్వు పాడతావు...

బరువైన అక్షరానికి అరచెయ్యి, తేలికదానికి వేలు అని ఒక పిల్ల చెప్పింది. "నాలుగోది, 'కాంతామోస్', అంటే 'మేము పాడతాము' దగ్గర బరువు నడిమికి జరగాలి మేడం. జరగకపోతే టీచరమ్మ మళ్ళీ మొదట్నుంచి కొట్టిస్తుంది. మా అమ్మ చేత కూడా కొట్టించిందంట."

లోరెన్సా నోట్‌బుక్ తీసింది. అవే దెబ్బలు.

3:46. వరండాలో అబుందియో బకెట్లు సర్దిస్తున్నాడు. రేపు ఊరి పండగ కాబట్టి నీళ్ళు ఈరోజే, నాలుగింటికి వదులుతున్నారట.

ఇలారియో చెయ్యి తాళాల గుత్తి మీదకు పోయింది. అక్కడే ఆగిపోయింది.

"ఆ గొట్టం ఎక్కడికి పోతుంది?" అంది లోరెన్సా.



"నేల కింది నీళ్ళ తొట్టికి," అన్నాడు అబుందియో.

"తాళం తియ్యి, ఇలారియో."

3:52. ఇనుప మూత లేచింది. చీకట్లో టీచరమ్మ, చేతిలో చెప్పు, పక్కన గొట్టం. ఆమెను పైకి లాగిన ఆరు నిమిషాలకు నీళ్ళు దూకాయి.

గేటు దగ్గర లోరెన్సా ఇలారియో ఎదుట నిలబడింది. "గాలి కూడా గొట్టాన్ని మోగిస్తుంది. కానీ నాలుగో మాట దగ్గర బరువు జరపడం గాలికి చేతకాదు. హెడ్మాస్టర్ గారు కొత్త, ఆయనకి తెలీదు. నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళు ఆ తరగతి గుమ్మంలో కూర్చున్నావు. నువ్వెలా గాలన్నావు?"

ఇలారియో నేల చూశాడు. చేతి గంట తొట్టిలో పడిందనీ, తన నడుము పట్టేసిందనీ చెప్పి ఆమెను దింపాడట. "బస్సు పోయాక తీద్దామనుకున్నా. నీళ్ళు రేపే అనుకున్నా."

లోయలో బస్సు హారన్ వినిపించి, దూరమైంది.

"నువ్వు వింటావనే కొట్టాను," అంది టీచరమ్మ.

"విన్నాను, టీచరమ్మా."

ఆమె చెప్పు తొడుక్కుని ట్రంకుపెట్టె మీద కూర్చుంది. ఇన్నేళ్ళూ టైమెంతని అడిగినా, బస్సెప్పుడని అడిగినా ఇలారియోనే అడిగేది. ఇప్పుడు లోరెన్సా వైపు తిరిగింది.

"రేపు బస్సు ఎన్నింటికమ్మా?"