పన్నెండింటికి తెరవాల్సిన దారి

"ఆరువందల నలభై మంది," అన్నాడు కరీముల్లా, ఊడిపోయిన కేసెట్ టేపును పెన్సిలుతో చుడుతూ. "రేపు పగటి పన్నెండింటికి దారి తెరిస్తే బతుకుతరు. తెరవకుంటే ఖలాస్."

ఎదురుగా స్టూలు మీద దయారాణి కూర్చుని ఉంది.

గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్ బజారులో కరీముల్లాది కేసెట్ల దుకాణం. ముందు గదిలో పాటలు, వెనక గదిలో ఉత్తరాలు. రాయడం రాని కూలీలు ఆ వెనక గదిలో టేప్ రికార్డర్ ముందు కూర్చుని, ఇంటికి చెప్పుకోవలసినవన్నీ చెప్పుకునేవారు. ఊరికి వెళ్ళేవాళ్ళ పెట్టెల్లో ఆ కేసెట్లు బయలుదేరేవి. వాటిలో ఒకటీ అరా మాత్రం దారిలో ఢిల్లీలోని ఒక ఆఫీసులో ఆగి, తర్వాత ఊరు చేరేవి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ ఇద్దరే. ఒకరు నిజామాబాద్ కరీముల్లా. రెండోవారు అల్ నసీమ్ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్న చీరాల దయారాణి. సీక్రెట్ ఫైల్లో ఆమె పేరు ఏజెంట్ డి-సెవెన్.

"టార్గెట్ ఎవరు భాయ్?"

"ఈసారి టార్గెట్ మనం కాపాడాల్సినోడు. నీ నాలుగో నంబర్ రూము పేషెంట్."

నాలుగో నంబర్ రూములో ఉన్నది ఖర్జూరాల వ్యాపారి అని క్లినిక్ రిజిస్టరులో ఉంది. నిజానికి ఆయన జనరల్ దర్వీష్. సముద్రం అవతలి కస్సారా దేశంలో మూడేళ్ళుగా అంతర్యుద్ధం. ఆయన సర్కారు సైన్యానికి అధిపతి. తొడలో దిగిన గుండు ముక్కలు తీయించుకోవడానికి దొంగపేరుతో ఇక్కడికి వచ్చి, మంచం మీది నుంచే వైర్‌లెస్‌లో యుద్ధం నడుపుతున్నాడు. తిరుగుబాటుదారులు ఒక రేవు పట్టణంలో చిక్కుకున్నారు. వాళ్ళతోపాటు ఆ రేవు కట్టడానికి వెళ్ళిన మన కూలీలూ చిక్కుకున్నారు.

"జనరల్ రేపు పన్నెండింటికి రేవు దారి నాలుగు గంటలు వదులుతడట. మన ఓడ రెడీగ ఉంది. వార్త ఆయన సెక్రటరీ నాదియా ఇచ్చింది," అన్నాడు కరీముల్లా. "కాని 'బ్లాక్ ఢో' అనే ముఠాకు గూడ ఇది తెలిసింది. రెండు దిక్కుల తుపాకులు అమ్మేటోళ్ళు వాళ్ళే. పన్నెండు కొట్టకముందే జనరల్‌ను లేపేస్తరు. వాళ్ళ మనిషి క్లినిక్ లోపలనే ఉన్నడు. ఎవడో తెల్వదు."

"ఇంకెవరినన్నా పెట్టండి భాయ్. నావల్ల కాదు."

కరీముల్లా పెన్సిలు ఆపాడు. "పోయినసారిది మనసుల పెట్టుకున్నవా బేటీ? టేప్ ఖరాబై మాట తప్పు వినవడ్డదని నేను ఢిల్లీకి రాసిన. అయిపోయింది."

అయిపోలేదు. మూడు వారాల క్రితం రేవు మీద ఫిరంగుల దాడి జరగబోతోందని నాదియా తేదీతో సహా చెప్పింది. దాడి ఉంటే 'పాపకు జ్వరం' అని, లేకపోతే 'పాపకు జలుబు' అని దయారాణి తన అమ్మకు పంపే కేసెట్లో చెప్పాలి. అదీ కోడ్. సరిగ్గా ఆ రోజే అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాపకు ఒళ్ళు కాలిపోతోంది, మూసిన కన్ను తెరవడం లేదు, ప్రార్థన చెయ్యమ్మా అని. రెండేళ్ళ పిల్ల. పాలు మాన్పించి వదిలి వచ్చిన పిల్ల. టేప్ రికార్డర్ మీట నొక్కాక దయారాణికి ఆ మాట నోట రాలేదు. కన్నతల్లి నోటితో అంటే నిజంగా ముదిరిపోతుందేమోనని భయపడింది. 'పాపకు జలుబు' అనేసింది. తర్వాత వెళ్ళే టేపులో సరిచేద్దాంలే అనుకుంది.

ఆ టేపు వెళ్ళేలోగానే ఫిరంగులు పేలాయి. కదలనక్కరలేదని ఢిల్లీ నుంచి కబురు అందిన కూలీలు షెడ్లలోనే ఉన్నారు. పందొమ్మిది మంది పోయారు. ఆ వారంలోనే పాపకు తగ్గిందని ఉత్తరం వచ్చింది. అది చదివి దయారాణి సంతోషపడింది. ఆ సంతోషాన్నే ఆమె ఇప్పటికీ క్షమించుకోలేకపోతోంది.

"వెళ్తాను," అంది లేస్తూ.

* * *

మర్నాడు ఉదయం పదింటికి నాలుగో నంబర్ రూము తలుపు తీసేసరికి గుప్పుమని అత్తరు వాసన కొట్టింది. జనరల్ పర్సనల్ సెక్రటరీ నాదియా కిటికీ దగ్గర నిలబడి ఉంది. చిలకాకుపచ్చ సిల్కు గౌను, మేకుల్లాంటి మడమల జోడు, కళ్ళకు నల్లద్దాలు. జనరల్ దగ్గర జీతం తీసుకుంటూ మనకు వార్తలిచ్చే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే కాంపౌండర్లు మందుల పేర్లు మర్చిపోయేవారు.

"ఈ రోజు సముద్రం ఎలా ఉంది సిస్టర్?" అంది ఇంగ్లీషులో. కోడ్ వర్డ్.

"ఉప్పగానే ఉంది మేడమ్."

"రా అమ్మాయ్, ఇటు చూడు," అని పిలిచాడు జనరల్. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడిన మనిషి. దుప్పటి మీద బ్యాండేజీ చుట్టను పొడుగ్గా పరిచాడు. "ఇది నది. ఈ మందు సీసాలు నా బెటాలియన్లు. ఈ గిన్నె రేవు. నా కల్నల్ అంటాడు, నాలుగు వైపులా మూసేసి నలిపేద్దామని. నేనేమంటున్నానో తెలుసా?" రెండు సీసాలు పక్కకు జరిపి మధ్యలో దారి చేశాడు. "వెళ్ళే దారి ఉన్నవాడు తుపాకీ పారేసి పరిగెత్తుతాడు. దారి లేనివాడు చచ్చేదాకా కాలుస్తాడు. నలభై ఏళ్ళు సైన్యంలో ఉండి నేర్చుకున్నది ఇంతే. పోయిన నెల ఇది మర్చిపోయి ఫిరంగులు పేల్చాను. ఎవరెవరో పోయారు."

దయారాణి థర్మామీటరు విదిలిస్తున్నట్టు అటు తిరిగింది. గౌనుకు గుచ్చిన గడియారంలోని బుల్లి కెమెరా ఆ సీసాలన్నిటినీ ఫోటో తీసింది. ఆమె మాత్రం దేన్నీ చూడలేకపోయింది.

"పన్నెండింటికి నేను నా గొంతుతో ఆర్డర్ ఇవ్వాలి," అన్నాడు జనరల్. "వేరే ఎవరి గొంతు విన్నా కల్నల్ నమ్మడు. నా నుంచి మాట రాకపోతే దారి మూసి దాడి మొదలెడతాడు."

కారిడార్లో భోజన్న నేల తుడుస్తున్నాడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, క్లినిక్‌లో స్వీపరు. ఆమెను చూసి పక్కనే పెట్టిన పాలు లేని సులేమానీ చాయ్ అందించాడు.

"నీ మొఖం గట్ల గుంజుకపోయిందేంది సిస్టర్? బిడ్డ యాదికొచ్చిందా?"

"ఏం లేదు భోజన్నా."

"ఏం లేకుంటే గట్లుండరు. తాగు, సల్లగైతది."

రేవులో పోయిన పందొమ్మిది మందిలో ఒకడు భోజన్న తమ్ముడు లింబాద్రి. కబురు వచ్చిన మూడో రోజే భోజన్న డ్యూటీకి వచ్చాడు. ఆ రోజు నుంచి పదింటికల్లా ఆమెకు చాయ్ తెచ్చి ఇస్తూనే ఉన్నాడు. దయారాణి దాన్ని ఒక్క చుక్క మిగలకుండా తాగుతుంది.

* * *

పదకొండూ నలభైకి ఫార్మసీ నుంచి కబురొచ్చింది, స్టాకు రిజిస్టరులో సంతకం కావాలని. వెళితే ఫార్మసిస్టు అయోమయంగా చూశాడు. "మేమెవరం పిలవలేదే!"

దయారాణి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పదకొండూ యాభై ఒకటి. జనరల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాదియా కుర్చీలో కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది. వైర్‌లెస్ సెట్టు బల్ల మీద ఉంది. అన్నీ మామూలుగానే ఉన్నాయి.

"నిద్రపోయారు. పన్నెండింటికి నేను లేపుతాను," అంది నాదియా.

దయారాణి అలవాటుగా సెలైన్ సీసా వైపు చూసింది. సీసాకు నిలువునా అంటించిన ప్లాస్టర్ పట్టీ మీద గంట గంటకూ గీతలు, కింద దయారాణి పొడి అక్షరాలు. అచ్చం ఆమె చేతిరాతే. కానీ పట్టీ అంచు కత్తిరించినట్టు నున్నగా ఉంది.

వార్డులో ఏ నర్సూ ప్లాస్టర్‌ను కత్తెరతో కత్తిరించదు. అంత తీరిక ఎవరికుంటుంది? వేళ్ళతో చర్రున చింపుతుంది. అంచు పోగులు పోగులుగా ఊడి ఉంటుంది. ఇది తను వేలాడదీసిన సీసా కాదు.

ఒక్క అంగలో వెళ్ళి గొట్టం నొక్కి బిగించేసింది.

"తెలివైనదానివే," అంది నాదియా. గోళ్ళరంగు పక్కన పెట్టి లేచి, లిప్‌స్టిక్ తీసి మూత ఊడదీసింది. లోపల రంగు లేదు. సన్నటి తుపాకీ గొట్టం. "చెయ్యి తియ్యి. ఇంకో ఐదు నిమిషాల్లో ముసలాయన హాయిగా పోతాడు."

"మా దగ్గరా, వీళ్ళ దగ్గరా... చివరికి ముఠా మనిషివా?"

"యుద్ధం ఆగిపోతే మేం ఎవరికి అమ్ముకోవాలి చెప్పు? అలా చూడకు దయా. పోయినసారి తేదీ నేను నీకు ముందే చెప్పాను. నువ్వే పంపలేదు. ఆ పందొమ్మిది మందీ నా లెక్కలోకి రారు. నీ లెక్కలోకి వస్తారు."

నిజమే. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గొట్టం మీద దయారాణి వేళ్ళు ఒక్క క్షణం సడలాయి. తలుపు సందులోంచి కారిడార్లో సబ్బునీళ్ళ బకెట్టుతో వంగి ఉన్న భోజన్న వీపు కనిపించింది. ఆ వీపును చూశాక వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి.

నాదియాకు ఏడు భాషలు వచ్చు. ఎనిమిదోది రాదు.

"భోజన్నా!" అని దయారాణి తెలుగులో కేకేసింది. "ఆ బకెట్టు నీళ్ళు గదిలోకి కుమ్మరించెయ్! ఏమీ అడక్కు!"

భోజన్న ఏమీ అడగలేదు. తలుపు తన్ని బకెట్టు మొత్తం పాలరాతి నేల మీదికి గుమ్మరించాడు. చటుక్కున తిరగబోయిన నాదియా మడమలు సర్రున జారాయి. తుపాకీ పేలి సీలింగ్ ఫ్యాన్ రెక్కకు తగిలింది. ఆమె లేచేలోగా భోజన్న మాప్ కర్రను ఆమె భుజాల మీద అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"యల్లా సిస్టర్, జల్ది! ఇగ నీ పని నువ్వు జూసుకో!"

పదకొండూ యాభై ఎనిమిది. దయారాణి జనరల్ చెవి తమ్మె గిల్లింది. కదలిక లేదు. పిడికిలితో రొమ్ము ఎముక మీద గట్టిగా రాసింది. మూలుగు. చెంప మీద ఒక్కటి ఇచ్చింది.

"లెగండి! ఏందండీ ఈ నిద్ర? లెగండి మీకు పుణ్యముంటుంది! ఆరొందల మంది అక్కడ ఎదురు చూస్తా ఉంటే!"

ఏ భాషలో తిడుతోందో ఆమెకే తెలియదు. రెండో చెంప కూడా పగిలింది. జనరల్ కళ్ళు సగం తెరుచుకున్నాయి. నాదియా రోజూ నొక్కే ఎర్ర మీట తను నొక్కి, మైకు ఆయన పెదాలకు ఆనించింది.

అవతల నుంచి కల్నల్ గొంతు. "పది సెకన్లు. జనరల్, మీరున్నారా? తొమ్మిది. ఎనిమిది..."

"దారి..." అన్నాడు జనరల్, నాలుక తడబడుతూ.

"ఐదు. నాలుగు..."

"దారి వదలండి," అన్నాడు ఆయన. "నాలుగు గంటలు. ఇది దర్వీష్ ఆజ్ఞ."

గోడ గడియారం పన్నెండు కొట్టింది. దయారాణి ఆ తడి నేల మీదే కూలబడిపోయింది.

* * *

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం కరీముల్లా కబురు పంపాడు. ఆరువందల నలభై మందీ ఓడెక్కారు. కస్సారాలో రెండు పక్షాలూ మాట్లాడుకుంటున్నాయి. నాదియా పోలీసుల చేతుల్లో ఉంది.

క్లినిక్ వెనక భోజన్న దుప్పట్లు ఆరేస్తున్నాడు. దయారాణి వెళ్ళి ఆ తెల్లటి వరసల మధ్య నిలబడింది.

"భోజన్నా, మీ లింబాద్రి చావుకు నేనే కారణం."

"ఏందమ్మా, ఎండ దెబ్బ తాకిందా?"

ఆమె అంతా చెప్పింది. చెప్పకూడనివన్నీ చెప్పింది. తనెవరో, కేసెట్లు ఎక్కడికి వెళతాయో, జ్వరం అనాల్సిన చోట జలుబు అన్నది ఎందుకో. దేన్నీ తేలిక చేసి చెప్పలేదు. భోజన్న చేతిలోని దుప్పటి అంచు నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి.

"నీ బిడ్డకు తక్కువైందా?" అన్నాడు భోజన్న.

"తగ్గింది."

"మా తమ్మునికి ఇద్దరు పిల్లలు. పెద్దదానికి నాలుగేండ్లు." దుప్పటి తీగ మీద వేసి, ముడతలు పోయేదాకా లాగాడు. "నిన్నేమనాల్నో నాకు తెలుస్తలేదు సిస్టర్. రేపు తెలుస్తదేమో. ఇయ్యాల్టికైతే ఒక పనుంది. మా అవ్వ గౌరవ్వకు ఇంకా సంగతి ఎరికలేదు. టేపు ముంగట కూసుంటే నాకు నోరు పెగుల్తలేదు. నువ్వు జెప్పు. నువ్వే జెప్పాలె."

ఇద్దరూ ఎండలోనే బజారుకు నడిచారు. కేసెట్ దుకాణం వెనక గదిలో కరీముల్లా వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. దయారాణి ముఖం చూశాక ఆయనకు అర్థం కావలసింది అర్థమైంది. టేప్ రికార్డర్లో కొత్త కేసెట్ పెట్టి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

ఆమె బయటికి వచ్చేసరికి అరగంట పట్టింది. గొంతు పూర్తిగా పోయింది. భోజన్న కేసెట్‌ను రుమాలులో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని, గడప మీద కూర్చున్నాడు.

"ఢిల్లీ నుంచి నీకు కాగితం వచ్చింది," అని కరీముల్లా కళ్ళజోడు సర్దుకుని మెల్లగా చదివాడు. "ఏజెంట్ డి-సెవెన్‌కు అభినందనలు. ముఖ్యంగా, ఎట్టి పరిస్థితుల్లోనూ రహస్యాన్ని మూడో మనిషి చెవిన పడనియ్యనందుకు."

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గడప మీద కూర్చున్న మూడో మనిషి వైపు ఒకసారి చూశాడు.

"చాయ్ రెండు చెప్పాల్నా బేటీ, మూడు చెప్పాల్నా?"